సౌదామిని టీచర్ పీరియడ్లు ఎవరికి?

1995 జూలై 3వ తేదీ సోమవారం నాడు, జోరున కురుస్తున్న వర్షంలో, పుళయోరం ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చిత్రలేఖన ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి టి. పి. సౌదామిని గారు, ముప్పై ఒక్క ఏళ్లకు ఒక నెల తక్కువగా అవిచ్ఛిన్న సేవలందించి, ఈ మే మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన వ్యాసం రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. ఇరవై ఆరేళ్లుగా ఇదే బడిలో లెక్కలు చెబుతున్న నాకు అది గౌరవమే. అయితే కోపంగా ఉన్న మనిషి చేత రాయిస్తున్నారని ముందే మనవి చేస్తున్నాను.

ఆమె చేరిన నాటికి చిత్రలేఖనానికి గది లేదు, బల్ల లేదు, గౌరవం అసలే లేదు. వరండాలో చాపలు పరిచి, బొగ్గుతోనూ ఎర్రమట్టితోనూ పిల్లలకు రేఖను, ఛాయను, దూరాన్ని నేర్పారు. ఎవరి పాఠం వెనకబడితే వారు వచ్చి ఆమె పీరియడ్ మీద పడేవారు. అందరికంటే ఎక్కువసార్లు పడ్డది నేనే. "బొమ్మలే కదా టీచర్, ఈ గంట నాకిచ్చేయండి, త్రికోణమితి మిగిలిపోయింది" అనేవాణ్ణి. ఆమె నవ్వి ఇచ్చేవారు. ఆ నవ్వు అంగీకారమనుకున్నాను, నా మొహం!

2009లో బడికి పది కంప్యూటర్లు వచ్చాయి. గుడ్డలు కప్పి, చెప్పులు బయట విడిపించి, వాటిని దేవుడి గదిలా కాపాడుకున్నాం. పిల్లల చేత తెర మీద బొమ్మలు వేయిస్తానని ఆమె అడిగితే అప్పటి ప్రధానోపాధ్యాయులు, "రంగుల చేతులతో వాటిని ముట్టుకుంటారా? బడికి ఇన్ని గోడలున్నాయి, చాలవా టీచర్?" అన్నారు. స్టాఫ్‌రూములో అందరం నవ్వాం. ఆమె మాత్రం రెండు వేసవి సెలవుల్లో కోళిక్కోడ్ నగరానికి వెళ్లి, తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని, బొమ్మలను కదిలించడం, ఫొటోలను కూర్చడం, శబ్దం జోడించడం నేర్చుకుని వచ్చారు. మళ్లీ అడిగారు. మూడేళ్లు అడగ్గా అడగ్గా శనివారం రెండు గంటలు దక్కాయి.

ఆ రోజుల్లోనే ఏడో తరగతి షహానా లెక్కల నోటుబుక్కులో ప్రతి పేజీ మూలా చిన్న పడవ బొమ్మ నా కంటబడింది. శివాలెత్తిపోయి, ఎనిమిది పేజీలు పరపరా చింపేసి, పుస్తకం తీసుకెళ్లి సౌదామిని గారి ముందు గిరాటు వేశాను.

"చూడండి, మీరు నేర్పిన చదువు!"

"మీరు చూశారా మాష్? పేజీలు గబగబా జారవిడిచి చూడండి," అన్నారామె. మా బడిలో మాస్టార్లందరినీ మాష్ అనే పిలుస్తారు.

జారవిడిచాను. పడవ ఒడ్డు వదిలింది. నడి ఏట్లో ప్రవాహానికి ఎదురొడ్డి నెమ్మదించింది. అంతలో ఒక్కసారిగా ఎగిరి అవతలి ఒడ్డున పడింది.

"అదేంటి, ఎగిరిందేం?" అన్నాను.

గుమ్మంలో బిక్కమొహంతో నిలబడ్డ షహానా, "మధ్య పేజీలు మీరే చింపేశారుగా మాష్," అంది.

టీచర్ పగలబడి నవ్వారు. "పడవ నిదానంగా పోవాలంటే బొమ్మలు దగ్గరదగ్గరగా వేయాలి, జోరుగా పోవాలంటే ఎడం పెంచాలి. ఎంత ఎడం ఉండాలో ఈ పిల్లే లెక్క కట్టుకుంది. మీ లెక్కే మాష్, మీ నోటుబుక్కులోనే!"

ఆ సాయంత్రం అందరికీ చాయా, పళంపొరీ అనే అరటిపండు బజ్జీలూ నేనే తెప్పించాను.

చింపిన ఎనిమిదీ మళ్లీ గీసి, ఇంకో ఏడు వందల బొమ్మలు తెర మీదే వేసి, ఏటి హోరు తానే రికార్డు చేసి, షహానా నిమిషం నిడివి చిత్రం తయారుచేసింది. దాన్ని ఒక కళామేళాకు తీసుకెళ్తే న్యాయనిర్ణేత, "ఇది కంప్యూటర్ గీసింది, పిల్ల చేసిందేముంది?" అని పక్కన పడేశాడు. సౌదామిని గారు కంప్యూటరును ఆయన ముందుకు జరిపి, "అయితే ఇంకోటి గీయమనండి సార్. మేమెవరం ముట్టుకోం," అన్నారు. హాలంతా గొల్లుమంది. బహుమతి మాత్రం రాలేదు. ఇన్నేళ్లయినా ఆ న్యాయనిర్ణేత మాట తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. బొగ్గుముక్క మాత్రం తనంతట తాను గీస్తుందా?

అలా పోరి నిలబెట్టిన తరగతిలో నేడు చేపలు పట్టేవారి పిల్లలు తమ ఇంట్లోకి వచ్చిన వరదను, తమ అమ్మమ్మ గొంతును తెర మీదకు తెస్తున్నారు. ఇంకొకరి బొమ్మను అడగకుండా తీసుకోరాదని, ఎవరి ముఖాన్నీ వెక్కిరింతకు వాడరాదని నేర్చుకుంటున్నారు. అటువంటి తరగతికి మనం చేస్తున్న సన్మానం ఏమిటి? పిల్లల సంఖ్య చాలదట! ఆమెతోపాటు ఆ పోస్టూ రద్దట! జూన్ టైంటేబుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల చిత్రలేఖనం పీరియడ్లు ఆరూ నా పేర పడ్డాయి. "ఇన్నాళ్లూ అడుక్కున్నారు కదా మాష్, ఇప్పుడు ఊరికే వస్తున్నాయి, తీసుకోండి" అని ఇప్పటి ప్రధానోపాధ్యాయులు నవ్వారు. పైనుంచి వచ్చిన కాగితానికి వారేం చేయగలరు? కాని ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. ఆమె గంటలు లాక్కుని, అవి లేకున్నా బడి నడుస్తుందని అందరికంటే ముందు రుజువు చేసి చూపించినవాణ్ణి నేనే.

కనుక ఆమె కుటుంబ సభ్యుల సాక్షిగా, ఈ సంచికాముఖంగా తెలియజేస్తున్నాను: ఆ ఆరు గంటల్లో నేను లెక్కలు చెప్పను. తరగతికి వెళ్లి, కంప్యూటర్లు తెరిచి, నాకు బొమ్మలు రావని పిల్లలతో చెబుతాను. వచ్చినవారు రానివారికి నేర్పుకుంటారు. చిత్రలేఖన ఉపాధ్యాయుణ్ణి నియమించమని తల్లిదండ్రులతో కలిసి ప్రతి శుక్రవారం అర్జీ పంపుతాం. మొదటిదాని మీద నా సంతకం అయింది.

సౌదామిని గారు, వారి శ్రీవారు బాలన్ గారితో కలిసి సంపూర్ణ ఆరోగ్యంతో, మనశ్శాంతితో చిరకాలం జీవించాలి. మా అర్జీకి జవాబు వచ్చి, కొత్త ఉపాధ్యాయులు చేరిన నాడు ఆ తరగతిని స్వహస్తాలతో వారికి అప్పగించాలి. మన కార్యాలయాల్లో కాగితం కదిలే వేగం ఎరిగిన లెక్కల మాస్టారుగా, నూరేళ్లు చాలవని తేల్చి, వారికి నూట పాతికేళ్ల ఆయుష్షు కోరుతున్నాను.

— కె. ప్రేమరాజన్, గణిత ఉపాధ్యాయుడు