నా పేరున వచ్చిన జవాబు

అధ్యక్షా, సహోద్యోగులారా, విద్యార్థులారా, పొందూరు నుంచి వచ్చిన బంధువులారా, ముందు వరుసలో కూర్చున్న అమ్మా తవిటమ్మ గారూ,

మన రసాయనశాస్త్ర శాఖ డిమాన్‌స్ట్రేటరు, మీ భర్త కూర్మయ్య గారు పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. పచ్చకామెర్లు ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని మూడు వారాల్లో తీసుకుపోయాయి. శాఖాధిపతిని కాబట్టి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను నిలబెట్టారు. చచ్చినవాడి కళ్లు చారెడు అన్నట్టు పొగిడేసి దిగిపోవచ్చు. అలా దిగిపోవడానికి ఈసారి నాకు సిగ్గుగా ఉంది.

కూర్మయ్య గారు రైతుబిడ్డ. చచ్చిపోతున్న నక్షత్రాల చుట్టూ ఏ అణువులు పుడతాయన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. లవణ పరీక్షలు చేయించే మనిషికి ఈ పిచ్చి ఎలా పట్టిందని ఓసారి అడిగాను. "ఆరుద్ర కార్తె వస్తే మా అయ్య వరి ఉబాలకి, అదే నాట్లకి, దిగుతాడండీ. ఆ ఆరుద్ర సుక్క ఎందుకు ఎర్రగున్నాదో ఆయనకి తెలీదు. సదువుకున్నోణ్ని, నాకూ తెలీకపోతే ఎలాగ?" అన్నారు.

ప్రయోగశాలకు లాంతరు చిమ్నీ తెచ్చి, వేలితో మసి తీసి చూపించేవారు. నక్షత్రం ముసలిదై ఉబ్బిపోతుంది, పైపొరలు చల్లబడతాయి, విడివిడిగా తిరిగే పరమాణువులు జతకట్టడం మొదలుపెడతాయి. "కార్బనూ ఆక్సిజనూ ముందు జంట కట్టీస్తాయి. ఆ జంటని విడదీయడం ఎవులి తరమూ కాదు. ఆపైన ఎవులు మిగిలితే ఆలదే ఇల్లు. ఆక్సిజన్ మిగిలితే ఇసక, కార్బన్ మిగిలితే మసి." విద్యార్థులారా, గుర్తుందా? నేను చెప్పిన పాఠం ఒక్కటైనా ఇలా గుర్తుందా?

సైన్సు సంఘం సభలో ఆయన ఈ విషయమే మాట్లాడారు. అధ్యక్ష స్థానంలో కూర్చున్న నేను, చచ్చిన చుక్కకు కర్మ ఎవరు చేస్తారు కూర్మయ్యా అన్నాను. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వారు. నవ్వు ఆగాక సుద్దముక్క తీసుకుని, వదిలిన చోటినుంచి మళ్లీ మొదలుపెట్టారు.

ఇక అసలు మాట.

మన పద్ధతి మీకు తెలుసు. డిమాన్‌స్ట్రేటరు కాలేజీ తరఫున బయటికి ఉత్తరం రాయకూడదు. కింద శాఖాధిపతి సంతకం, ముద్ర ఉండాలి. రెండేళ్లు లాగరిథమ్ పట్టికలు ముందేసుకుని చేసిన లెక్కల్ని ఆయన ఒక విదేశీ వేధశాలకు పంపాలని నా దగ్గరికి తెచ్చారు. చదవకుండానే సంతకం పెట్టాను. నిరుడు, అరవై ఎనిమిది ఏప్రిల్లో, జవాబొచ్చింది. ఎవరి పేరున? సంతకం ఎవరిదో వారి పేరున. 'ప్రొఫెసర్ నగరేశ్వరరావు గారికి' అని! నన్ను అంతకుముందు ఎవరూ ప్రొఫెసర్ అనలేదు. ఆ ఒక్క పంక్తి ఎన్నిసార్లు చదువుకున్నానో.

లెక్క బాగుందని రాశారు. రెండో పట్టికలో ఒక పొరపాటుంది, దాన్ని సరిచేసి పంపితే మిగతా వాదన నిలుస్తుంది, ఎదురుచూస్తుంటాం అని రాశారు. నేనేం చేయాలి? పదడుగులు నడిచి పక్కగదిలో ఆయన చేతికివ్వాలి. ఇచ్చానా? ఇవ్వలేదు. నేనే సరిచేసి పంపుదామనుకున్నాను. వేసవి సెలవులన్నీ ఆ కాగితాల ముందు కూర్చున్నాను. తప్పు ఎక్కడుందో వాళ్లే రాసినా, అది ఎందుకు తప్పో నాకు అంతుపట్టలేదు. ఉత్తరం సొరుగులో పెట్టేశాను.

కాలేజీ తెరిచాక ఆయన రోజూ టపా వేళకు నా గుమ్మంలో నిలబడేవారు. ఏమైనా వచ్చిందా మేస్టారూ అనేవారు. లేదనేవాణ్ని. మొదటిసారి అన్నది దురాశతో. తరవాత అన్నవన్నీ భయంతో.

అమ్మా, ఆసుపత్రిలో మీరు పక్కనే ఉన్నారు. లేవలేని స్థితిలో కూడా ఆయన అదే అడిగారు. అప్పుడైనా నా నోట నిజం రాలేదు. "నా లెక్క ఒట్టి సెత్తై ఉంటాది లెండి. ఆలు, ఆ దొరలు, మర్యాదస్తులు, ఆ మాట సెప్పలేక రాయనేదు" అన్నారు. ఆ మాట మీద ఆయన కన్నుమూశారు. ఆ లెక్క చెత్త కాదని తెలిసిన మనిషి ఆ మంచం పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు. లెక్క చేసినవారి పేరు కూర్మయ్య అనీ, ఆయన ఇక లేరనీ నిన్న ఆ వేధశాలకు రాశాను. నేను సొరుగులో దాచిన వాళ్ల ఉత్తరం ఇదిగో, నా చేతిలో ఉంది.

మిత్రులారా, దయచేసి లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడండి. నేను మాత్రం మీతో మౌనం పాటించను. పది నెలలు పాటించాను. మీరు నిలబడి ఉండగా ఈ ఉత్తరాన్ని తవిటమ్మ గారికి అర్థమయ్యేలా తెలుగులో పైకి చదువుతాను. 'కూర్మయ్య గారికి' అని మొదలుపెడతాను. లేవండి.