రాజమ్మ కాలి మచ్చ

"అవ్వా, ఈ ఫోటోలో నీ చెల్లెలు ఒక్కతే పాదాలు కూడా కనపడకుండా కోక కప్పుకోని కూర్చుండాదే, ఎందుకు?"

ఎందుకా? అడిగినావు కదా, విను. రాజమ్మకి పుట్టుకతోనే ఎడమ కాలి మింద మచ్చ ఉండె పాపా. మచ్చంటే చిన్నది కాదు, తొడ కాడి నుంచి మడమ దాకా నేరేడు పండ్లు పిసికి పూసినట్ల. దాని మింద నరాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉండె. పెరిగే కొద్దీ ఆ కాలు రెండోదానికన్నా లావైపాయ, పొడుగూ అయిపాయ. మగ్గం గుంటలో దిగితే ఆ కాలు ఒక పట్టాన సర్దుకునేది కాదు. మేము నేసేవాళ్ళం కదా, చిక్కపేట వెనక సందులో, ఇంట్లో రెండు మగ్గాలు. సరే, అది వదిలెయ్.

మా మేనత్త, మా నాయనకి అక్క, ఆమె నోరు పడిపోనూ, బిడ్డ పుట్టిన దినమే తేల్చేసింది. గ్రహణం పట్టినప్పుడు కడుపుతో ఉండేది కదలకుండా పడుకోవాల, నువ్వు పోకచెక్క కత్తిరించినావు, అందుకే ఇట్లాయ అని. యాడ కత్తిరించింది మా అమ్మ? చీకటి గదిలో చాప మింద పడుకోని ఉండె, పక్కలో నేనుంటి! ఐదేండ్ల పిల్ల మాట ఎవురికి కావాల? అమ్మ మొదట్లో లేదు లేదనింది. పదిమంది పదిసార్లు అంటే ఆమెకే అనుమానం వచ్చేసింది, నిద్రమత్తులో చేసినానేమో అని.

రాజమ్మకి పదేండ్లప్పుడు, యుద్ధం అయిపోయినాక... కాదు కాదు, అయిపోకముందే, రేషన్ రాగులు ఇస్తా ఉండిరి, ఆ నరం ఒకటి చిట్లి రక్తం ఆగలేదు. నాయనా నేనూ జట్కాలో ఏసుకోని పెద్దాసుపత్రికి పోతిమి. దానికి స్పృహ లేదు, జట్కావాడు నాలుగణాలకి గలాటా చేస్తాడు, పాపిష్టోడు! డాక్టరు కట్టు కట్టి, మచ్చంతా చూసి, కన్నడంలో తేటగా చెప్పినాడు. ఇది కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడే వచ్చింది, కాలు పెరిగేదీ దాంతోనే, గ్రహణమూ కాదు, తల్లి తప్పు ఏమీ లేదు అని.

వినింది మేమిద్దరం. ఇంటికొచ్చి నాయన ఏం చెప్పినాడు? "కట్టు కట్టినారు" అన్యాడు, అంతే! అక్క మాట అబద్ధమని పదిమందిలో ఎట్లనేది, ఆమె మర్యాద పోతాదంట. నా పక్క చూసి "సుమ్మనే ఉండు" అని కండ్లురిమినాడు. పదిహేనేండ్ల గాడిదని, నేనూ నోరు మూసుకుంటి. మర్యాదంట, మర్యాద! మంట పెట్టాల ఆ మర్యాదకి.

రెండేండ్లకి అమ్మకి జ్వరం ముదిరిపాయ. పోయే ముందర రాజమ్మని పక్కన కూర్చోబెట్టుకోని, ఆ మచ్చ మింద చెయ్యి పెట్టి, "నా చేతులారా చేసినాను తల్లీ, మన్నించు" అనె. నాయన గోడకి ఆనుకోని నిలబడుండె. అప్పుడైనా చెప్పినాడా? చెప్పలా. నేను చెప్పినానా?... నేనూ చెప్పలా పాపా. ఆయన పోయినాక ఆయన మింద కోపం తగ్గె. నా మింద కోపం ఇంకా తగ్గలా, చూడు.

నువ్వు చల్లగుండల్ల తల్లీ. ఎవురెంత ఉరిమినా, తెలిసింది తెలిసినట్ల చెప్పేసి బతకల్ల...