ర్యాపుకి మూలపురుషుడు గోవిందరాజు

మనవాళ్లలో మొట్టమొదట ర్యాపు పాడిన మనిషికి ఆదివారం బెంగాలు ఓడరేవు గార్డెన్ రీచ్‌లోని తెలుగువాళ్ల సభలో శాలువా కప్పుతారని తెలిసింది మొదలు, గోవిందరాజుకి గొంతు సవరించుకోవడమే పనైపోయింది. ఆ మనిషిని వెతికే బాధ్యత భానుది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాటల్ని బెంగాలీ అక్షరాల్లో రాసుకుని ర్యాపు పాడుతుంది. డాక్ గేటు ముందు ఇమ్మానుయేలు టీ కొట్టు దగ్గర వాకబు చేద్దామని వచ్చి కూర్చుందో లేదో, డాకులో కూలీగా పనిచేసి రిటైరైన గోవిందరాజు అదే బెంచీ మీదికి జరిగాడు. పక్క పొయ్యి మీద ఆయన భార్య కామాక్షమ్మ పునుగులు వేస్తోంది.

"పెద్ద గొప్పేటీ నేదమ్మీ," అని మొదలెట్టాడు వినయంగా. ఆ వినయం అంతటితో సరి. "బస్తాలు మోసే రోజుల్లో అందరూ ఒట్టి హైలెస్సా అనీవోరు. నేను దాని మధ్యలో నా సొంత మాటలు దూర్చీసీవోణ్ణి. ఎండని తిట్టీవోణ్ణి, మేస్త్రీని తిట్టీవోణ్ణి, అంతా తాళంలోనే. అదే ర్యాపు. అప్పటికి దానికి పేరే పుట్టనేదు."

భానుకి ఒళ్లు పులకరించింది. తను వెతుకుతున్నది సరిగ్గా ఇదే. ఆయన అక్కడితో నోరు మూసుకుని ఉంటే శాలువా ఇంటికొచ్చేసేది.

"ఆ తరవాత ఏటయ్యిందో తెలుసా? డ్రైవరు కిందికి దిగి టీ తాగుతుంటే, పైన క్రేను నా పాటకి తనంతట తనే తలూపడం మొదలెట్టీసింది. బెంగాలీ బాబులు దాదా దాదా అంటూ నా కాళ్ల మీద పడిపోనారు."

"క్రేను కూడా పడిందా, ఊపి ఊరుకుందా?" అన్నాడు ఇమ్మానుయేలు, టీ వడగడుతూ.

"నువ్వు టీ సంగతి సూడరా! ఈ పక్కనే మెటియాబ్రుజ్‌లో దర్జీలున్నారు కదా, నా పాట ఇనుకుంటూ ఆళ్ల మిషన్లన్నీ ఒకటే తాళంలో కుట్టీసేయి. ఊపులో కొలతలు తప్పీసి ప్యాంట్లన్నీ గోనెసంచుల్లాగ వదులైపోనాయి. ఆ సరుకే ఓడెక్కి అమెరికా ఎల్లిపోనాది. ర్యాపర్లంతా వదులు ప్యాంట్లెందుకేస్తారనుకున్నావు మరి?"

భాను పైట కాని పైట, మెడలో స్కార్ఫు, నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోపాటు దిగులు కూడా వచ్చింది. ఈయన్ని స్టేజీ ఎక్కిస్తే ఊరంతా తనని చూసే నవ్వుతుంది.

"ఇంకా ఇనవే! ఆ ఓడ గంగలో దిగువనున్న బడ్జ్ బడ్జ్ దాటిపోయేక కెప్టెన్‌కి నా గొంతు ఇనబడి ఓడని ఎనక్కి తిప్పీసేడు. న్యూయార్కు రమ్మని బతిమాలేడు. మా ఇంటిదాని పునుగులు ఒగ్గీసి నేను రానన్నాను. ఆ మాట కూడా ర్యాపులోనే అన్నాను. అది పూర్తయ్యేదాకా గంగలో పోటు రేవు కాడే నిలబడిపోయింది, ముందుకి రాదు, ఎనక్కి పోదు."

"ఓలమ్మో! గంగమ్మకి ఎంత కష్టం తెచ్చినావు బాబాయ్," అంది భాను. "సరే గానీ, శాలువాకి ముందు స్టేజీ మీద రెండు నిమిషాలు పాడాలి. పాడతావా?"

"రెండు నిమిషాలేటి! నలుగురు ఎదర నిలబడితే సాలు, నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. పుట్టిన కాడ్నుంచి ఈ నోట మాట తడబడ్డమన్నదే నేదు."

కామాక్షమ్మ చేతిలో చిల్లుల గరిటె మూకుడు అంచుకి ఠంగుమని తగిలింది.

"తడబడనేదా? పెళ్లయ్యి గడప కాడికొచ్చినాం. ఈయన అప్పగారు, నా ఆడపడుచు, తలుపుకి అడ్డం నిలబడింది. పెళ్లాం పేరు సెప్పు, అప్పుడు లోపలికి రా అన్నాది. ఎవరైనా సెప్పీదే కదా! ఎదర నలుగురంటే నలుగురే ఆడోళ్లు. ఈ మనిషి నోరు తెరిస్తే గాలొచ్చింది గానీ పేరు రానేదు. హారతి ఆరిపోనాది, మళ్లీ ఎలిగించేరు, మళ్లీ ఆరిపోనాది. సిగ్గుతో సచ్చి, ఆఖరికి నేనే అన్నాను. గోవిందరాజొచ్చినాడు, కామాక్షిని తెచ్చినాడు, అప్పా తలుపు తియ్యి, ఆకలేసి సస్తన్నాం, అడ్డు లెయ్యి!"

భాను వేళ్లు వాటంతట అవే బెంచీ మీద దరువేసేశాయి. ఇమ్మానుయేలు కూడా గరిటెతో తాళం కలిపాడు.

"పిన్నీ, ఆ ముక్క మళ్లీ అను!" అంది భాను లేచి నిలబడి. "ఆదివారం స్టేజీ మీద నువ్వే అంటున్నావు. శాలువా నీకే."

గోవిందరాజు మొహం కందగడ్డ అయిపోయింది. "నా ఇంటిదానికి నేర్పింది నేనేనే!"

"ఏదీ, మరి ఇప్పుడు సెప్పు నా పేరు, ఇంతమందిలో," అంది కామాక్షమ్మ.

కొట్టు కొట్టంతా ఆయన నోటివంక చూసింది. గోవిందరాజు నోరు తెరిచాడు. గాలొచ్చింది.

"పోనీలే," అంటూ ఆవిడ మూకుట్లోకి ఇంకో వాయి వేసింది. "ఆదివారం కూడా ఇద్దరి పేర్లూ నేనే సెప్పీస్తాను."