ఎర్ర మారుతి కింద నిమ్మకాయలు

కంకిపాడు పోలీస్ స్టేషన్. 1-10-2025, మధ్యాహ్నం 3 గంటలు.

నా పేరు బసవపున్నయ్య. వయసు 56. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల మెకానిక్‌ని. ముప్పై ఏళ్లుగా పెట్రోలు ఇంజన్లే నా పని. ఒంటరిగా ఉంటాను. ఎస్సై గారు అడిగిన మీదట, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

కంకిపాడులో టీచరుగా చేస్తున్న రామతులసి గారి ఎర్ర మారుతిని ఇరవై రెండేళ్లుగా నేనే చూస్తున్నాను. ఆవిడ భర్త పోయాక కూడా కారు నా షెడ్డుకే వచ్చేది. ఆవిడ నెలకోసారి వచ్చి, స్టూలు మీద కూర్చుని టీ తాగేవారు. ఆ స్టూలు మీద వేరే ఎవర్నీ కూర్చోనివ్వను. ఏటా ఆయుధపూజకు ఆ కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేది నేనే.

మొన్న జూన్‌లో ఆవిడ ఇంజన్ తీయించేశారు. ఇంటి దగ్గరే దాన్ని కరెంటు కారుగా మార్చింది జాన్సన్. అదే వీధిలో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. పొలాల్లో నీళ్లు తోడే మోటార్లు. కారు సంగతి అతనికేం తెలుసు? మూడు నెలలు ఆవిడ వాకిట్లోనే పని చేశాడు. భోజనం కూడా అక్కడే. పాత ఇంజన్ నాకు పంపించారు. రోజూ తుడుస్తాను. నాకు కుళ్లుగా ఉండేది. ఆ మాటే రాసుకోండి సార్.

ఇవాళ పూజకు రమ్మని ఆవిడ ఫోన్ చేస్తే తొమ్మిదిన్నరకు వెళ్లాను. నాలుగు నిమ్మకాయలు జేబులో వేసుకెళ్లాను. అప్పటికే జాన్సన్ చేతిలో నిమ్మకాయలున్నాయి. అతను చర్చికి వెళ్లే మనిషి.

"మీకెందుకండీ శ్రమ, నేను పెడతాగా" అన్నాను.

"పర్లేదన్నా, మేడం గారు నన్నే పెట్టమన్నారు."

ఆవిడ తాళం నా చేతికిచ్చి, "మొదట మీరే నడపాలండీ. ఇన్నేళ్లూ దీన్ని బతికించింది మీరేగా" అన్నారు.

"తాళం తిప్పితే టక్‌మంటుందన్నా. ఇంకే సౌండూ రాదు. టక్‌మందంటే బండి రెడీ" అని జాన్సన్ నాకు నేర్పాడు.

9.40కి సీట్లో కూర్చుని తాళం తిప్పాను. జాన్సన్ నిమ్మకాయ పెడుతూ ముందు టైరు దగ్గర వంగి ఉన్నాడు. "చెయ్యి జాగ్రత్త జాన్సన్" అన్నారు ఆవిడ. గారు అనలేదు. నన్ను ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా గారు లేకుండా పిలవలేదు.

యాక్సిలరేటర్ తొక్కాను. కారు ముందుకు దూకి, అతని కాలి మీదుగా వెళ్లి, గేటుకు కొట్టుకుని ఆగింది. ఒక నిమ్మకాయ దొర్లుకుంటూ పోయి తులసికోట దగ్గర ఆగింది. అతన్ని నేనే ఎత్తి ఆటోలో పడుకోబెట్టాను. మోకాలి కింద ఎముక విరిగిందని డాక్టరు చెప్పారు.

రామతులసి గారు ఇందాక మీ ముందు ఏం చెప్పారో నేనూ విన్నాను. "శబ్దం రాలేదు కదండీ, ఆన్ అయిందని ఆయనకి తెలీలేదు. అలవాటుగా తొక్కేశారు. ఈ కరెంటు కార్ల గురించి పాపం ఆయనకేం తెలుసు?" అన్నారు. నేనూ అదే చెబితే సాయంత్రానికి ఇంటికెళ్లొచ్చని మీరన్నారు.

నేను ఆ మాట చెప్పను. టక్‌మనడం విన్నాను. ముప్పై ఏళ్లు ఇంజన్లు విన్న చెవి ఇది. బండి రెడీగా ఉందని తెలుసు. టైరు ముందు అతనున్నాడనీ తెలుసు. తెలిసే తొక్కాను. ఏ కేసైనా పెట్టుకోండి. నాకు బండి తెలియదని మాత్రం ఎక్కడా రాయొద్దు.

రాసింది చదివి వినిపించారు. అంతా నేను చెప్పినదే, జరిగినదే. నా జేబులోని నాలుగు నిమ్మకాయలు స్టేషన్లో అప్పజెప్పాను.

(సంతకం) బసవపున్నయ్య