గోగునార చరిత్ర రాసిన మన అర్జునరావు గారు

1985 జూన్ 12వ తేదీన, గాజువాక సమీపంలోని మన గోనెసంచుల మిల్లులో, యజమాని కుమారులై ఉండి కూడా నూలు విభాగంలో సహాయ పర్యవేక్షకులుగా శ్రీ అర్జునరావు గారు ఉద్యోగంలో చేరారు. తండ్రిగారి అనంతరం సంస్థ బాధ్యతలు స్వీకరించి, ప్లాస్టిక్ సంచుల పోటీకి చుట్టుపక్కల మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడుతున్న కాలంలోనూ మన మగ్గాలు ఆగకుండా కాపాడారు. ఆయన కుర్చీలో కుదురుగా కూర్చోగా మేము చూసింది అరుదు. చేతిలో ఫైలు చదువుకుంటూనే షెడ్లన్నీ చుట్టివచ్చేవారు.

మూతపడిన మిల్లులతో పాటు వాటి కథలూ మాసిపోతున్నాయన్న ఆవేదన ఆయనను నిలవనీయలేదు. గోగు రైతులను, నేత కార్మికులను, పూర్ణా మార్కెట్ సంచుల వ్యాపారులను ఏళ్ల తరబడి కలుసుకుని, ఉత్తరాంధ్ర గోగునార పరిశ్రమ చరిత్రను గ్రంథస్థం చేయ సంకల్పించారు.

తండ్రిగారి హయాంలో మన మిల్లులో జరిగిన అగ్నిప్రమాదం దగ్గరకు వచ్చేసరికి ఆ రచన ఆగిపోయింది. ఆ మంటల్లో నార గోదాములో మరణించిన కార్మికుడు అప్పన్న కాల్చిన బీడీయే కారణమని యాజమాన్యం ఆనాడు ప్రకటించింది. నిప్పు పుట్టింది పాత విద్యుత్ తీగల వల్లనని, వాటిని మార్చాలని సిబ్బంది మొరపెట్టుకున్నా తమ తండ్రిగారే వాయిదా వేశారని, విశ్రాంత ఉద్యోగులను విచారించగా అర్జునరావు గారికి తెలిసింది. ఆ అధ్యాయం తీసేయమని తమ్ముళ్లు పట్టుబట్టారు. మాతృమూర్తి శ్రీమతి రామలక్ష్మమ్మ గారైతే, "పోయిన మీ నాన్న మీద రాతలేటి నాయనా? అది అచ్చయితే నాను నీతో మాట్లాడను" అన్నారు.

కొన్ని వారాల పాటు ఆయనకు తిండి సయించలేదు, పని మీద మనసు నిలవలేదు. చివరకు ఒక ఉదయం నన్ను వెంటబెట్టుకుని అప్పన్న భార్య గురువమ్మ ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి జరిగినదంతా చెప్పి, క్షమించమని అడిగారు.

"సెమించడం సంగతి తరవాత బాబూ" అంది గురువమ్మ. "ముందు రాయండి. తండ్రి వల్లే మిల్లు తగలడిందని నా కొడుకులు ఇన్నాళ్లూ తలొంచుకు తిరుగుతన్నారు."

ఆయన రాశారు. గ్రంథావిష్కరణ నాడు మొదటి వరుసలో తల్లిగారి కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. గురువమ్మ పెద్దకొడుకు వేదిక ఎక్కి ఆ పుటను బిగ్గరగా చదువుతుంటే, అర్జునరావు గారు సభ చివర కార్మికుల మధ్య నిలబడి విన్నారు.

నేడు కుమార్తె శ్రీమతి అనూరాధ గారికి మిల్లును అప్పగించి పదవీ విరమణ చేస్తున్న వారు, రేపటి నుంచే గోగు రైతుల చరిత్ర కోసం పల్లెలు తిరుగుతానంటున్నారు. ఆ తిరుగుడుకు తగిన ఆరోగ్యాన్ని, నిండు ఆయుష్షును దేవుడు ఆయనకు ప్రసాదించాలి. నేటికీ మాట కలపని ఆ తల్లి తన కొడుకును నోరారా పిలిచే రోజు, ఇద్దరూ క్షేమంగా ఉండగానే రావాలని మా అందరి ప్రార్థన.

— ఫారూఖ్, నేత విభాగం