ఒడెల్ ప్రూయిట్ అరెస్టు కాగితం

డన్‌మోర్ కౌంటీ కోర్టులో పాత రికార్డుల కిటికీ. లోపల గుమాస్తా నెల్వా, బయట డార్లా ప్రూయిట్.

"ఫెయిర్ మైదానంలో పశువుల కొట్టం తగలబెట్టింది మా నాన్నేనని ఊరంతటికీ తెలుసు, మిస్ నెల్వా. మళ్ళీ నా నోటితో చెప్పించాలా?"

"ఊరంతటికీ తెలిసినదాన్ని నేనెందుకడుగుతాను తల్లీ? నేనడిగింది తేదీ. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేశావు."

"ఎనభై ఏడు, ఆగస్టు పదిహేను. శనివారం. ఫెయిర్ ఆఖరి రాత్రి."

"వారంతో సహా గుర్తుందే!"

"గుర్తుండక ఏంచేస్తుంది? ఆ కొట్టంలో కాలిన గడియారం ఇప్పటికీ ఫైర్ స్టేషన్ గోడకి వేలాడుతోంది. ముళ్ళు పది నలభై దగ్గర ఆగిపోయాయి. బడిపిల్లల్ని తీసుకొచ్చి మరీ చూపిస్తారు."

"సరే. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఊరుకుని, మనిషి పోయాక ఇప్పుడెందుకు ఈ అరెస్టు రికార్డు చెరిపించడం?"

"గురువారం ఓటింగు ఉంది. పోయిన ఫైర్ వాలంటీర్ల పేర్లు ఫైర్ స్టేషన్ ముందు రాతి మీద చెక్కిస్తున్నారు, ఎవరెవరివో తేల్చేది ఆ ఓటే. నాన్న ఇరవై రెండేళ్ళు మంటలార్పే గొట్టం పట్టాడు మిస్ నెల్వా, జీతం లేకుండా. మొన్న మీటింగులో ఆయన పేరు నేను చెప్పగానే ఆ లైల్ టగిల్ లేచి, 'ముందు కోర్టులో ఒడెల్ అరెస్టు రికార్డు చూసొస్తాను' అన్నాడు. వాడొచ్చేసరికి అది ఇక్కడ ఉండకూడదు. అంతే."

"లైల్ చదువుతాడా? శుభం. ఈ కిటికీ ఎనిమిదింటి నుంచి నాలుగున్నర దాకా తెరిచే ఉంటుంది. ఎవరైనా వచ్చి ఎవరి కాగితమైనా చూడొచ్చు. మీ నాన్నది ఇప్పటిదాకా ఎంతమంది చూశారో చెప్పనా?"

"ఎంతమంది?"

"చూసినవాళ్ళు సంతకం పెట్టే పుస్తకం ఇదిగో. ఒడెల్ ప్రూయిట్ పేరు కింద నీదే మొదటి సంతకం."

"అందరికీ తెలిసిందేగా, ఎందుకొచ్చి చూస్తారు?"

"అవునవును. తెలిసినవాళ్ళకి చదవాల్సిన ఖర్మేముంది?"

"వెటకారం ఆపండి. కళ్ళారా చూసినవాళ్ళున్నారు. పోలీసు డెప్యూటీ కారు వెనక సీట్లో నాన్న తల దించుకుని…"

"ఎంతమంది చూశారు?"

"ఊరు ఊరంతా."

"ఎంత నెమ్మదిగా నడిపాడో పాపం ఆ కారు. కొట్టంలో ఉన్న ఆవులు అరవై. అవన్నీ ఎప్పుడో పోయాయి గానీ, సాక్షులు మాత్రం ఏటేటా ఈనుతూనే ఉన్నారు. సరే, పట్టుకున్నారే అనుకో. మరి కేసేమైంది?"

"అప్పటి షెరిఫ్ నాన్నతో కలిసి చేపలు పట్టేవాడు. తొక్కిపెట్టేశాడంటారు."

"అంటారు! ఎవరు, చేపలా?"

"అయినా నాన్నే ఒప్పుకున్నాడు కదా! మర్నాడు ఆదివారం. చర్చిలో, పాపాలొప్పుకునేవాళ్ళు రమ్మని పాస్టరుగారు పిలవగానే అందరి ముందూ నడిచివెళ్ళి మోకాళ్ళ మీద పడ్డాడు. 'నిన్న రాత్రి నేను పాపం చేశాను. దేవుడికీ ఈ ఊరికీ ద్రోహం చేశాను' అన్నాడు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. అమ్మ పియానో ఆపేసింది."

"ఏ పాపమో చెప్పాడా?"

"చెప్పాలా? అవతల కొట్టం ఇంకా పొగ కక్కుతోంది! పైగా ఫైర్ సైరన్ మోగినా ఆయన వెళ్ళని రాత్రి ఇరవై రెండేళ్ళలో అదొక్కటే. ఇంకేం కావాలి?"

"నిజమే, ఇంకేం కావాలి. పాస్టరుగారేమన్నారు?"

"క్షమించారు. ఊరూ క్షమించింది. చర్చి పెద్దరికం కూడా తీసేయలేదు. ఫైర్ స్టేషన్ వాళ్ళే మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. ఏమిటా చూపు? మీరు నమ్మరా?"

"ముప్ఫై ఒక్కేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను డార్లా. కాగితం చూడందే ఇవాళ మంగళవారమని కూడా నమ్మను. ఉండు, పెట్టె దొరికింది. ఇదిగో ఫైలు."

"తెరవకండి!"

"ఫారంలో నేరం పేరు రాయాలి."

"చదవకుండా రాసెయ్యండి."

"చదవకుండా రాయడానికి నేనేమైనా ఊరినా? ఒక్కటి మాత్రం ముందే విను. మధ్యాహ్నం జడ్జిగారు సంతకం పెడితే ఈ కాగితం యంత్రంలో పడి పీలికలైపోతుంది. చట్టం దృష్టిలో ఆ అరెస్టు జరగనే లేదు. ఎవరొచ్చి అడిగినా 'అలాంటిదేమీ లేదండీ' అంటాను. కానీ ఊరి నోట్లో ఉన్నదాన్ని చించే యంత్రం మా దగ్గర లేదు."

"లైల్ చేతికి కాగితం దొరక్కపోతే చాలు. రాయండి."

"రాస్తున్నా. నేరం… బహిరంగ స్థలంలో తాగి ఉండటం."

"ఏమిటీ?"

"తాగి ఉండటం."

"కాదు కాదు. అది ఇంకెవరిదో! మా నాన్న మందు ముట్టకూడని బాప్టిస్టు చర్చికి పెద్ద! బీరు అమ్మకమే లేని కౌంటీ మనది!"

"పక్క కౌంటీలో అమ్ముతారు. చిరునామా మీదే. ఎడమ బుగ్గ మీద కాలిన మచ్చ."

"మచ్చ… ఉండేది."

"గడ్డి కోసే బండెక్కి మెయిన్ రోడ్డు నడిమధ్యన వెళ్తున్నాడట. గంటకి నాలుగు మైళ్ళ వేగం. గొంతెత్తి కీర్తన పాడుతూ. శ్రుతి తప్పిందని డెప్యూటీ విడిగా రాశాడు."

"దేవుడా! ఏ కీర్తన?"

"రాయలేదు. గుర్తుపట్టలేకపోయి ఉంటాడు."

"మిస్ నెల్వా, ఇది బయటపడితే ఇంకేమైనా ఉందా? ఎనభై ఆరేళ్ళ మా అమ్మ ఆ చర్చిలో ఇప్పటికీ పియానో వాయిస్తోంది! పెన్ను ఇటివ్వండి. ఎక్కడ పెట్టాలి సంతకం?"

"కొట్టం తగలబెట్టినవాడి కూతురిగా ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ ఊళ్ళోనే బతికావు. రెండు బీర్లకే పెన్ను లాక్కుంటున్నావేమిటి?"

"మా చర్చి సంగతి మీకు తెలీదు."

"తెలుసు. మీ నాన్నకి ఇంకా బాగా తెలుసు. అందుకే ఏ పాపమో చెప్పకుండా మోకరించి లేచొచ్చాడు. మిగతాది ఊరు పూరించుకుంది."

"అంటే? కొట్టం సంగతి ఏ పేజీలో ఉంది?"

"ఏ పేజీలోనూ లేదు. ఆ రాత్రి అరెస్టు ఇదొక్కటే."

"తాగి తగలబెట్టాడంటారా?"

"వహ్వా! కాగితం చేతిలో పెట్టినా ఊరి మాటే! పెన్ను కింద పెట్టి, ఆ పేజీ వెనక్కి తిప్పు. జైలు కాపలావాడు రాసుకున్నది ఉంది. పైకి చదువు."

"నా కళ్ళద్దాలు…"

"నెత్తి మీదున్నాయి. చదువు."

"'రాత్రి ఎనిమిది పది: ప్రూయిట్‌ని లోపల వేసి తాళం పెట్టాను. పది ఇరవై: సైరన్ మోగింది. ఖైదీ లేచి, గొట్టం దగ్గర మనిషి తక్కువవుతాడు, వదలమని బతిమాలాడు. వీల్లేదన్నాను. పది నలభై: ఇంకా ఊచలు పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు. ఉదయం ఆరున్నర: తాళం తీశాను.'"