సప్పుడు బంద్ సినిమా

లాక్‌డౌన్‌తో మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచాలు, ఆగిపోయాయి. గుజరాత్‌లోని కోసాడ్ క్వార్టర్ మెట్ల మీద, వలస వచ్చిన ఇద్దరు తెలుగు నేత కార్మికులు ఒకే ఫోన్‌లో కొరియా సినిమా చూస్తున్నారు.

“సప్పుడెందుకు బంద్ జేసినవన్నా?”

“మూతి ఒకటి అంటుంది, హిందీ డబ్బింగ్ ఇంకోటి అంటుంది. సాంచాల మోతల మూతులు సూసే మాట్లాడుకునేటోళ్లం, నాకు గిది సమజ్ కాదు.”

“మరి కొరియా భాష సమజైతుందా?”

“ఎందుకు కాదు? గా పొల్ల అలిగింది, గీడు బతిలాడుతుండు.”

“గుజరాతీ సినిమాలకు సర్కారు పైసలిస్తదట. అయినా మా పిల్లలు కొరియావే సూస్తరు.”

“మనకూ ఇస్తే సాంచాలోళ్ల సినిమా తీద్దం. నువ్వే హీరోవు.”

“గా మోతల నా డైలాగులు ఎవలకు ఇనవడ్తయన్నా? ఎవలు సూస్తరు?”

“కొరియాల సాంచాలోళ్లు ఉండరా? సప్పుడు బంద్ జేసుకొని సూస్తరు.”